మామ రాసిన గెలుపులు

వారపత్రికకు మార్కాపురం ఆటల కబుర్లు రాసిన విలేకరి మామ పోయి పది రోజులైంది. పలకల కార్ఖానాలో పలకలు నునుపు చేస్తుండగా కబురు వచ్చింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. "జబ్బుతోనా, తినకనా?" అని తెచ్చినవాణ్ణి అడిగాను. మామ విషయంలో ఏదీ తిన్నగా నమ్మే అలవాటు లేదు నాకు.

కర్నూలు మనకు రాజధాని అయిన కొత్తలో వానలు మొహం చాటేశాయి. అప్పుడు మామ ఆదివారం వాలీబాల్ పోటీలు పెట్టించారు. చూడవచ్చినవాళ్ళు టికెట్టుకు బదులు దోసెడు జొన్నలు సంచిలో పొయ్యాలి. ఆ జొన్నలతో బడి వెనక పిల్లలకు గంజి. దోసిళ్ళు చాలేవి కావు. తక్కువపడినప్పుడు ధాన్యం షావుకారు బస్తాలు పంపేవాడు. ఊరికే ఎందుకు పంపుతాడు? కార్మిక సంఘం కరపత్రాలు చదివి కళ్ళు తెరిచినవాణ్ణి, నాకు అనుమానం.

జవాబు పత్రికలోనే దొరికింది. మా కార్ఖానా జట్టు గెలిచిన ఆట గురించి మామ రాసింది ఇదీ: "షావుకారుగారి కుమారుని ఆట ప్రేక్షకులను ముగ్ధులను చేసినది." ఎదుటి జట్టులో ఆడిన ఆ అబ్బాయి సర్వీసు ఒక్కటీ వల దాటలేదు! మా పేర్లు ఎక్కడా లేవు.

పత్రిక పట్టుకొని పోయి నిలదీశాను. "ఏంది మామా ఇది? సిగ్గు లేదా?"

గంజి కలుపుతున్న ఆయన తల ఎత్తలేదు. "నువ్వు గెలిచింది ఊరంతా చూసింది గదరా అల్లుడా. వాడు ఆడింది పేపర్లో తప్ప ఇంకేడుంది? అందుకే రాసినా."

"అమ్ముడుపోయినావు!"

"పోయినాలే. ఆ ఉప్పు అందుకో."

అందించలేదు. ఇంటికి వచ్చి సంపాదకుడికి ఉత్తరం రాశాను. రెండు వారాలకు మామ రాతలు ఆగిపోయాయి. బస్తాలూ ఆగిపోయాయి.

ఉత్తరం నాదని ఎట్లా కనిపెట్టారో, ఒక పొద్దున మామ ఖాళీ సంచితో మా గడపలో నిలబడ్డారు. "బాగా రాసినావురా, ఒక్క అబద్ధం లేదు. ఇప్పుడు జొన్నలు యాడ తేవాల్నో అది గూడా రాయి."

ఆదివారం గంజి ఆగకుండా ఇద్దరం ఇంటింటికీ తిరిగాం. కొందరు పిడికెడు పోశారు, కొందరు కుక్కను అదిలించినట్లు అదిలించారు. "చూసినావా, పొగడకుండా అడిగితే ఇంతే" అని ఆయన నవ్వేవారు. అది దెప్పడమో నేర్పడమో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ తిరుగుళ్ళలో ఆయన అన్నం తినగా చూసిన గుర్తు లేదు. అబద్ధం రాయడం తప్పేనని ఇవాళ కూడా అంటాను. కాని ఆయన వెంట నడవకపోతే ఆకలి నాకు కరపత్రంలో మాటగానే మిగిలేది.

మొన్న శనివారం సంపాదకుడి ఉత్తరం వచ్చింది, ఇకమీదట ఆటల కబుర్లు నన్ను రాయమని. ఈ సంగతి షావుకారుకు ఎవరు చేరవేశారో! నిన్న ఆదివారం రెండు బస్తాలు బండిలో వేయించుకొని ఆట దగ్గరికి వచ్చాడు. దించమని మాత్రం చెప్పలేదు. వాళ్ళబ్బాయి వేసిన సర్వీసు వలకు తగిలి వాళ్ళ వైపే పడింది. గంజికి వచ్చిన పిల్లలు ఎండకు గిన్నెలు తలల మీద బోర్లించుకొని చూస్తున్నారు. షావుకారు బంతిని చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు.