తోమిన వెండి

మా సోషల్ మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు మామిడి తోటలో కాయ కోత నడుస్తోంది. ముసునూరు దాటాక ఉన్న మా మామయ్యగారి తోట అది. చిక్కంలోంచి దించిన కాయలు బుట్టలో సర్దుతున్నదాన్ని ఫోన్ చెవికి ఆనించి అలాగే ఉండిపోయాను. "పొద్దున చర్చికి తయారై కుర్చీలో కూర్చున్నారంట. మళ్ళీ లేవలేదంట" అంది నాతో చదువుకున్న స్నేహితురాలు. చనిపోయారన్న మాటకంటే కూర్చున్నారన్న మాటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మేడం కూర్చునే మనిషి కాదు. నూజివీడు హైస్కూల్లో మాకు పాఠం చెప్పినన్నాళ్ళూ కిటికీ నుంచి తలుపు దాకా తిరుగుతూనే చెప్పారు. పేపర్లు కూడా నిలబడే దిద్దేవారు.

"తెలియదు అని రాస్తే మార్కులు తీసెయ్యను. తెలిసినట్టు రాస్తే మాత్రం ఊరుకోను" అనేవారు. పరీక్షలో ఎవరూ తెలియదని రాయలేదు. నేనూ రాయలేదు.

ఆవిడకి పాత నాణేల పిచ్చి. ఊళ్ళో ఎవరికి ఏ బిళ్ళ దొరికినా ఆవిడ వరండాకే తెచ్చేవారు. ఎక్కువగా వచ్చేవి రాముడి పట్టాభిషేకం బొమ్మ ఉన్న బిళ్ళలు. ముత్తాతల నాటివని, పూజలో పెట్టుకున్నామని చెప్పేవారు. మేడం హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న అయస్కాంతం తీసేవారు. "దీనికి అంటుకుంటే అబద్ధం. అంటుకోకపోయినంత మాత్రాన నిజమని కాదు" అనేవారు. నిజం కానివాటిని కూడా కళ్ళకద్దుకున్నంత మెల్లగా తిరిగి చేతిలో పెట్టేవారు. తెచ్చినవాళ్ళు నొచ్చుకోకుండా ఉండాలని.

ఏడేళ్ళ కిందట గాలివానకి తోటలో పెద్ద రసాల చెట్టొకటి కూలిపోయింది. దాని పక్కనే కొత్త మొక్కకని మామయ్య గుంత తవ్విస్తుంటే మట్టి పెళ్ళలో నల్లటి రేకు ముక్క కనిపించింది. బొటనవేలి గోరంత ఉంది. గుండ్రంగా లేదు, మూలలు నరికినట్టుంది. మీద ఏనుగు, సూర్యుడు, ఇంకేవో గుర్తులు ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయి. మామయ్య మోటారు నీళ్ళ కింద కడిగి, ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఎమ్మార్వో గారికి అప్పజెప్పాలమ్మా. ముందు మీ మేడం గారికి చూపిద్దాం" అన్నారు. అప్పటికే ఆయన సంతోషం పట్టలేక సగం ఊరికి చెప్పేశారు.

నాకు ఆ నలుపు నచ్చలేదు. నాకు చదువు చెప్పిన మేడం ముందు అంత మురికిగా పెడితే ఏం బాగుంటుందనిపించింది. మామయ్య కునుకు తీస్తుంటే చింతపండు పట్టించి, పళ్ళపొడి వేసి, పాత బ్రష్షుతో ఆ వెండి తళతళలాడేదాకా తోమాను. మర్నాడు బస్సులో మామయ్య పొట్లం విప్పి, "నీళ్ళకే ఎంత మెరుపొచ్చిందో చూశావా!" అన్నారు. నేను తలూపాను.

మేడం బల్లమీద తువ్వాలు పరిచారు, నాణెం జారిపోకుండా. రెండు వేళ్ళతో అంచు పట్టుకుని ఎత్తారు. చిన్న తక్కెడలో తూచారు. భూతద్దం పెట్టి అంచు పొడవునా చూశారు.

"ఎక్కడ దొరికిందండీ? ఎంత లోతులో?"

మామయ్య అన్నీ చెప్పారు.

"బరువు బాగుందండీ. పోత పోసినట్టు అంచున గీత లేదు. ఇలాంటివి రెండు వేల ఏళ్ళ పైబడినవి. వెండి రేకు కత్తిరించి, బరువు సరిచేసి, ముద్రలు కొట్టేవాళ్ళు." ఆవిడ లేచి వరండా ఆ చివరికి వెళ్ళి మళ్ళీ వచ్చారు. "కానీ అన్నాళ్ళు మట్టిలో ఉన్న వెండి ఇలా మెరవదు. ముద్రల్లో ఇంత మట్టి కూడా లేదు, నలుపు లేదు. ఈమధ్య చేసినదే అనిపిస్తోందండీ. క్షమించాలి."

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. మామయ్య ముందు, మేడం ముందు, నా తెలివితక్కువతనం ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

ఊళ్ళో కబురు పాకింది. తనే పాతిపెట్టి తవ్వించాడని కొందరన్నారు. రోడ్డు పక్క కాయల షెడ్డు దగ్గర ఆయన్ని చూడగానే "మ్యూజియం గారొచ్చారు, కుర్చీ వెయ్యండ్రా" అనేవాళ్ళు. మామయ్య నవ్వేవారు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవారు, తినేవారు కాదు. నాణేన్ని పనిముట్ల డబ్బాలో మేకుల కింద పడేశారు.

రెండేళ్ళ తర్వాత హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే మేడం కనిపించారు. కుశల ప్రశ్నలు కూడా లేవు.

"ఆ నాణెం నన్ను వదలట్లేదమ్మా. అంచు పాతది. ముద్రలు పాతవి. మెరుపొక్కటే కొత్తది. అదెలా?"

"నేను తోమానండీ" అన్నాను. సరిగ్గా అప్పుడే పక్కన లారీ హారన్ కొట్టింది.

"ఏంటీ?"

"నేను తోమానండీ! చింతపండు పెట్టి తోమాను!"

అరిచినట్టే వచ్చింది మాట. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. మేడం ముఖం ఎర్రబడింది.

"మరి ఆరోజు చెప్పలేదేం?"

"మీరు అడగలేదండీ" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

మేడం ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. "అవును. అడగలేదు" అన్నారు చివరికి.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చారు. మేకుల డబ్బా బోర్లించి నాణెం తీయించారు. భూతద్దంతో ఎండలోకి వెళ్ళి చూసి, ఒక ముద్ర మూలలో బ్రష్షు అందని చోట సన్నటి నల్లపొర పట్టుకున్నారు. తర్వాత మామయ్యని వెంటబెట్టుకుని కాయల షెడ్డుకి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను.

"ఈయన నాణెం దొంగదని చెప్పింది నేనేనండీ" అన్నారు అందరి ముందూ. "శుభ్రం చేసిన పాత వెండికీ కొత్త వెండికీ తేడా చూడాల్సింది నేను. చూడలేదు. అడగాల్సింది అడగలేదు. నా తప్పుకి ఈయన మాటలు పడ్డారు. ఇది పాతదనే ఇప్పుడు నా నమ్మకం. ఎమ్మార్వో గారికి ఇద్దాం, నాకంటే తెలిసినవాళ్ళు చూస్తారు."

మామయ్య కంగారుపడి చేతులు జోడించారు. "అయ్యో, మీదేం లేదు టీచర్ గారూ. మోటారు కింద కడిగింది నేనే కదండీ. నేనే చెడగొట్టుకున్నాను."

మేడం నావైపు చూశారు. నేను కాయల గుట్టవైపు చూశాను.

తర్వాత పురావస్తు శాఖ నుంచి ఒకాయన వచ్చి, అది నిజమైనదేనని రాసి తీసుకెళ్ళారు. షెడ్డు దగ్గర మామయ్యకి నిజంగానే కుర్చీ వేశారు. నాకు మాత్రం మనసు నిలవలేదు. మేడం ఇంటికెళ్ళి, "నా పేరెందుకు చెప్పలేదండీ?" అని అడిగాను.

"నా భాగం నేను చెప్పాను. నీ భాగం నేనెందుకు చెప్తానమ్మా? నువ్వే చెప్పుకో" అన్నారు, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ.

ఐదేళ్ళయింది. ఆవిడ ఎప్పుడూ మళ్ళీ అడగలేదు. కనిపించినప్పుడల్లా "మామయ్యగారు బాగున్నారా?" అనేవారు, అంతే. చెప్తాను, ఈ కాపు అయ్యాక చెప్తాను అనుకుంటూ కాపు మీద కాపు దాటించాను. ఆవిడ ఉన్నారు కదా, ఇంకా వ్యవధి ఉంది కదా అనుకున్నానేమో.

లోడు ఎత్తే రోజు కావడంతో అంత్యక్రియలకి మామయ్య రాలేకపోయారు. నేనొక్కదాన్నే వెళ్ళొచ్చాను. కాళ్ళు కడుక్కున్నాను కానీ లోపలికి వెళ్ళలేకపోయాను. ముంగిట్లో తాళ్ళు చుడుతున్న మామయ్య ముందు నిలబడి మొత్తం చెప్పేశాను.

ఆయన తాడు వదల్లేదు. "ఆవిడకి తెలుసా?"

"తెలుసు మామయ్యా."

"తెలిసే ఆరోజు తన మీద వేసుకుందా?"

"అవును."

"నన్నూ చేతులు జోడించనిచ్చావు." గొంతు పెంచలేదు. నేను ఏడుస్తున్నా ఊరుకోమనలేదు. కాసేపటికి లోపలికెళ్ళి ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చారు. "పద. ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళు."

సమాధుల తోటకి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. కొత్త మట్టి మీద పూలదండలు వాడిపోయాయి. వాళ్ళ పద్ధతేంటో మామయ్యకి తెలియదు. చెప్పులు విడిచి, గేటు దగ్గర కొన్న కొవ్వొత్తి మట్టిలో గుచ్చి వెలిగించారు. ఈదురుగాలి ఆర్పేసింది. మళ్ళీ వెలిగించారు, మళ్ళీ ఆరింది. మూడోసారి వెలిగించి, నడుం నొప్పి మనిషి, వంగి రెండు అరచేతులూ దాని చుట్టూ అడ్డం పెట్టారు. నేను కూర్చుని నా చేతులు కూడా పెట్టబోతే కాస్త జరిగి చోటిచ్చారు. మా నాలుగు చేతుల మధ్య ఆ వెలుగు వణుకుతూనే ఉంది.