మాస్కు చాటు మాట

మా హనుమంతు బావను సిరిసిల్లలో ఎవరూ చెవిటివాడని అనరు. అనేవాడికి మాత్రం సరిగ్గా వినిపిస్తే కదా! సాంచాల, అదే మరమగ్గాల మధ్య బతుకు వెళ్లదీసిన వాళ్లందరి చెవులూ అంతే. బావ అయితే మీసం మొలవకముందే కార్ఖానాలో అడుగుపెట్టాడు.

ఆ మరమగ్గాల మోతలో మాట చెవిదాకా రాదు. అందుకని అక్కడ ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. అవతలి గోడ దగ్గరివాడు చాయ్ తాగుదామని నోరు కదిపితే ఇవతలివాడికి అందుతుంది. ఎవరు పిలిచినా ముందు తలూపుతారు. దానికి 'సరే' అని అర్థం కాదు. 'నిన్ను చూసిన, ఆగు, దగ్గరికొస్త' అని మాత్రమే. ఆ తరవాత దగ్గరికి వచ్చి, పెదవులు చూసి, విషయమేమిటో తెలుసుకుంటారు. ఈ విద్యలో మా బావకు సాటి లేదు. సాంచాలు నడిపించే ఆసామి తనలో తాను గొణుక్కున్న తిట్టును కూడా పట్టుకుని, చాయ్ హోటల్లో అందరికీ వినిపించేవాడు.

నా పేరు మమతారాణి. ఆ వాడకట్టులోనే అంగన్‌వాడీ టీచర్ని. హనుమంతు భార్య శంకరవ్వ వరసకు నాకు అక్క. బావతో వేళాకోళం ఆడే హక్కు అలా వచ్చింది.

"ఏం బావా, చెవులు కార్ఖానల్నే మర్చిపోయి వచ్చినవా?" అనేదాన్ని.

"ఉన్నకాడ ఉన్నయి తియ్. నీ నోరే జర ఎక్కువైంది," అనేవాడు నవ్వుతూ.

ఇంట్లో ఈ నవ్వులు బాగానే ఉండేవి. బయటివాళ్ల ముందు మాత్రం తనకు వినపడదని చచ్చినా ఒప్పుకోడు. బస్సులో కండక్టర్ ఏదో అడుగుతాడు, తలూపుతాడు. బ్యాంకులో అడుగుతారు, అక్కడా తలూపుతాడు. అదేదో పరువు తక్కువట! చూస్తే నాకు ఒళ్లు మండేది.

నిరుడు వానలు మొదలైనప్పుడు అక్క నన్ను లోపలి గదిలోకి పిలిచి, రొమ్ములో గడ్డ తగులుతోందని చెప్పింది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుట్టే మనిషి. ఒంట్లో ఏ నొప్పి వచ్చినా ఆ కూర్చోవడం మీదికే తోసేస్తుంది. నేను ఊరుకోలేదు. పోరుపెట్టి ఇద్దరినీ కరీంనగర్ పంపించాను. అక్కడ కొత్తగా లేచిన పెద్ద దవాఖానలో సూదితో ముక్క తీసి, వారం తరవాత రిపోర్టుకు రమ్మన్నారు.

తీరా ఆ రోజు అక్క బీడీలు అప్పజెప్పాల్సి వచ్చింది.

"రిపోర్టే కదయ్యా. నువ్వు వోయి పట్టుకరా," అంది బావతో.

ఆ గదిలో జరిగింది చాలా రోజుల తరవాత బావే నాకు చెప్పాడు. వెనక జాతరలా జనం. డాక్టరు కంప్యూటర్ చూస్తూ మాట్లాడుతున్నాడు. బావ అలవాటు ప్రకారం తలూపి, పెదవుల కోసం ముందుకు వంగాడు. పెదవులు లేవు, మాస్కు ఉంది. ఆ తల ఊపును డాక్టరు 'సరే' అనుకున్నాడు, ఇంకేదో చెప్పాడు. బావ మళ్లీ ఊపాడు. రిపోర్టు కంప్యూటర్‌లోనే ఉండిపోయింది, చేతిలో గోలీల చీటీ ఒక్కటే పడింది. వాకిట్లో మనిషి తరవాతి వాళ్లను లోపలికి తోశాడు.

"కండ్లు జూస్తే నవ్వుతున్నట్టే కొట్టింది మమతా," అన్నాడు బావ.

ఇంటికొచ్చి అక్కకు మాత్రం, "ఏం లేదట. గోలీలు ఏస్కొమ్మన్నడు," అని చెప్పాడు. ఆ సాయంత్రం అక్క కోడి కోయించింది. నాకూ ఒక గిన్నె కూర పంపింది. అందరం సంబరంగా తిన్నాం.

టీవీలో తలసరి ఆదాయం పెరిగిందని చెప్తుంటారు. ఆ లెక్కలో మా బావ తల కూడా ఉంటుందట. నేను కాదనను. దవాఖాన అద్దాల మేడే, మిషన్లు కొత్తవే, కార్డు మీద ఆపరేషన్ ఉచితమే. దేవుడూ వరమిచ్చాడు, పూజారీ ఇచ్చాడు. అంతా ఇచ్చి, ఒక మనిషి మొహం చూసి నిదానంగా మాట చెప్పేంత తీరిక మాత్రం అక్కడ ఎవరికీ ఇవ్వలేదు.

చలికాలం పోయేసరికి గడ్డ గట్టిపడింది. చెయ్యి లాగుతోందని అక్క బీడీల చాట పక్కన పెట్టింది. ఈసారి నేనే ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లాను. అదే డాక్టరు. కంప్యూటర్‌లో పాత రిపోర్టు తీసి, కాసేపు చూసి, మా వైపు తిరిగాడు.

"వెంటనే ఆపరేషన్‌కు రమ్మన్నాను కదమ్మా, ఎందుకు రాలేదు? మీ ఆయనకు అంతా వివరంగా చెప్పాను. అన్నిటికీ తలూపాడు."

నేను బావ వైపు చూశాను. ఆయన డాక్టరు మాస్కు వైపే చూస్తూ, అప్పుడు కూడా తలూపుతున్నాడు. ఏం జరిగి ఉంటుందో నాకూ అక్కకూ ఒకేసారి అర్థమైంది. నేను నోరు తెరిచేలోగా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జెప్పిండు సారూ. ఇంటికొచ్చి నాకన్నీ జెప్పిండు. నేనే ఆపరేషనంటే బుగులువడి రాలే. ఆయన తప్పేం లేదు."

అక్క గొంతు తగ్గించే అంది. భర్తకు ఎలాగూ వినపడదనుకుంది. కానీ ఆమె మొహానికి మాస్కు లేదు. బావ ఆమె పెదవులనే చూస్తున్నాడు.

ఆయన తల ఊపడం ఆగిపోయింది.

"అబద్ధం సారూ!" అన్నాడు. ఆ కేకకు బయట వరండాలో ఉన్నవాళ్లు తొంగి చూశారు. "ఆమె అబద్ధం ఆడుతుంది. నాకు చెవులు ఇనరావు. అప్పుడు మీరేం జెప్పిండ్రో నాకు ఎర్కలే. నేను ఆమెకు జెప్పలే. గా మూతిగుడ్డ తీసి ఇప్పుడు జెప్పుండ్రి."

డాక్టరు మాస్కు తీశాడు. చిన్నవాడే, నిద్ర చాలని మొహం. ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందన్నాడు. ఇప్పుడు కోసి లాభం లేదన్నాడు. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చన్నాడు. బావ కళ్లు ఆర్పకుండా చూశాడు.

"అప్పుడే కోస్తే బతికేదా సారూ?"

డాక్టరు అక్క వైపు చూసి తటపటాయించాడు. తరవాత దాదాపు గొంతు లేకుండా, "చాలామంది బతుకుతారు," అన్నాడు. పక్కనే కూర్చున్న నాకే ఆ మాట లీలగా వినిపించింది. బావకు మాత్రం మొత్తం అందింది.