చెత్తబుట్ట నుదుట బొట్టు

మా పురసవాక్కం ఇంట్లో ఇరవై ఏళ్ల కిందటి కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. ఏటా ఆయుధపూజకి అమ్మ దానికి కుంకుమ పెడుతుంది. ఎక్కడో అంచు మీద కాదు, తెర మీద ఎడమవైపు అన్నిటికన్నా పైన ఉండే వినాయకుడి ఫోటో ఐకాన్‌కి, సరిగ్గా నుదుటన.

ఈరోజు ఊరికే ఉండలేక, ఐకాన్లన్నీ వరసగా పెడదామని ఆటో అరేంజ్ నొక్కాను. అంతే, వినాయకుడు కిందికి జారిపోయాడు. రీసైకిల్ బిన్ వచ్చి బొట్టు కింద కూర్చుంది. మౌస్‌తో ఎంత లాగినా మళ్లీ ఎగిరి అక్కడికే వస్తోంది.

కాఫీ తెచ్చిన అమ్మ చూడనే చూసింది. కంగారులో అరవం వచ్చేసింది.

"అయ్యో, ఎన్నడా ఇది! సామికి పెట్టిన బొట్టు చెత్తబుట్టకా?"

"తుడిచేస్తాలేమ్మా."

"తుడిచేదానికి లేదు. మళ్లా ఆయుధపూజ దాకా అది ఆడే ఉండాల. నువ్వు సామిని ఈడికి తీసుకురా."

గంటసేపు కుస్తీ పట్టి, చివరికి రీసైకిల్ బిన్‌కే వినాయకుడి బొమ్మ తగిలించాను. అమ్మ దండం పెట్టుకుంది. పనిచేస్తోందో లేదో చూద్దామని పాత ఫైళ్లు కొన్ని డిలీట్ చేశాను. అన్నీ వెళ్లి స్వామి కడుపులో పడ్డాయి. ఖాళీ చెయ్యబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడేం తొందరరా? చవితి రానీ, నిమజ్జనం రోజు చేద్దాం."

ఆటో అరేంజ్ టిక్కు తీసేస్తే సరిపోయేదని ఇప్పుడెవరూ కామెంట్లు పెట్టకండి. నిమజ్జనానికి మంచి ముహూర్తం ఉంటే మాత్రం చెప్పండి.