అన్నయ్య రిమోట్‌లో ఏడో లైను

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని నేను మొహం మీదే వెక్కిరించేవాణ్ణి. సూరత్ దగ్గర హజీరాలో ఒక ప్లాంటులో ఇరవై రెండేళ్ళుగా ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా చేస్తున్నాను. మీటరు వింత రీడింగు చూపిస్తే మేం ముందు వైరు చూస్తాం, తర్వాత మీటరు మారుస్తాం. దిష్టి మాత్రం తీయించం. నాకు ఇప్పటికీ దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ నా ఫోనులో ఒక ఫోటో ఉంది. దాన్ని తీసేయలేను, చూపించాల్సిన మనిషికి చూపించలేను.

మా అన్నయ్య రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసేవాడు. అన్నయ్యా వదినా సూరత్‌లోనే డిండోలిలో ఉండేవారు, నేను తాపీ నది దాటి అమ్రోలిలో. వాళ్ళకి పిల్లల్లేరు. నేనే తమ్ముడిని, నేనే పిల్లాణ్ణి.

వదినకి కుట్టుమిషను పిచ్చి. సూరత్‌లో చీరల ముక్కలకి కరువేముంది! ఇక్కడ వాటిని చిందీ అంటారు. ఆ చిందీతో ఇంట్లో కనిపించిన ప్రతిదానికీ తొడుగు కుట్టేసేది. మిక్సీకి తొడుగు, ఫ్రిజ్ పిడికి తొడుగు, గొడుక్కి కూడా తొడుగే. కాసేపు కదలకుండా కూచుంటే తనకీ కుట్టేస్తుందని అన్నయ్య అనేవాడు.

అన్నయ్య దగ్గర ఒక పాత యూనివర్సల్ రిమోట్ ఉండేది. టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఏసీ అన్నీ దాంతోనే నడిపేవాడు. దాని మీద చిన్న తెర ఉంటుంది. రిమోట్‌ని కేబుల్‌తో కంప్యూటరుకి తగిలించి, దాని సాఫ్ట్‌వేరులో టైపు చేస్తే ఆ తెర మీద పేర్లు మారతాయి. కంప్యూటరు లేకుండా అందులో ఒక్క అక్షరం రాయలేం. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి.

అన్నయ్య దాన్ని చీటీలా వాడేవాడు. మధ్యాహ్నం వదిన సీరియల్ పెట్టుకుందామని రిమోట్ ఎత్తితే తెర మీద 'బీపీ మాత్ర' అని ఉండేది. అక్షరాలు ఇంగ్లీషువి, మాట తెలుగుది. ఇంకోసారి 'పాలు స్టవ్ మీద' అని. వదిన తిట్టుకుంటూనే లేచి వెళ్ళేది. ఎదురుగా చెప్పడం చేతకాని మనిషికి అదొక దారి.

కోవిడ్ రెండో విడతలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. అన్నయ్యకి ఆక్సిజన్ పడిపోయింది. ఎక్కడా బెడ్లు లేని రోజులవి. ఒకచోట దొరికిందని నేను ఫోన్ చేసిన పావుగంటకే అంబులెన్సు వాళ్ళ ఇంటి కింద ఆగింది. వదిన అంత జ్వరంలోనూ సంచి సర్దింది. తువ్వాలు, రెండు లుంగీలు, బ్రష్షు, చార్జరు, మంచం మీద తొడుగులో ఉన్న ఫోను.

అది ఫోను కాదు, రిమోట్. రెండింటికీ ఒకే ఆకుపచ్చ చీర ముక్కతో, ఒకే గుండీతో తొడుగులు కుట్టి ఉన్నాయి. పొడుగూ దాదాపు ఒకటే. నేనైనా అదే పెట్టేవాణ్ణి.

ఆ సంగతి మాకెవరికీ తెలీదు. లోపలికి ఎవర్నీ వెళ్ళనివ్వడం లేదు. రెండు రోజులు అన్నయ్య ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు ఆగిపోయింది. హెల్ప్‌డెస్క్ వాళ్ళు నాకు రోజూ ఒకసారి ఫోన్ చేసి నిలకడగా ఉన్నాడని చెప్పేవారు. ఫోన్ ఎత్తమని ఆయనకి చెప్పండని నేను రోజూ బతిమాలేవాణ్ణి. గేటు దగ్గర బల్ల మీద పేరు రాసి ఏ వస్తువు ఇచ్చినా లోపలికి పంపుతున్నారు. నేను కొబ్బరినీళ్ళు ఇచ్చి వచ్చాను. తెలిసుంటే ఫోను కూడా అలాగే పంపేవాణ్ణి.

ఆరో రోజు అన్నయ్య పోయాడు.

వాళ్ళ పడగ్గదికి మందు కొట్టించి తలుపు వేసేశాం. వదిన హాల్లోనే పడుకునేది. పది రోజుల తర్వాత గది తెరిచి పరుపు ఎండలో వేద్దామని ఎత్తితే, గోడవైపు మంచం చెక్క మీద ఆకుపచ్చ తొడుగు కనిపించింది. అందులో ఫోను, సైలెంటులో పెట్టి ఉంది. నా చార్జరు పెట్టి చూస్తే నావి పద్దెనిమిది మిస్డ్ కాల్స్, వదినవి నలభై పైన. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన సంచి బాల్కనీలో అలాగే ఉంది, అందాకా ఎవరం ముట్టుకోలేదు. వదిన దాన్ని విప్పి రెండో తొడుగు తీసింది. ఏడవలేదు. "నేనే పెట్టాను," అంది.

ఆ రోజు నుంచి ఆవిడ మిషను ముందు కూచోలేదు. ఇంట్లో తొడుగులన్నీ ఒక్కొక్కటే కుట్లు విప్పేసింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున నన్ను రమ్మంది. రిమోట్ బల్ల మీద పెట్టి ఉంది. వార్డులో శానిటైజరు కొట్టారేమో, తెర చచ్చిపోయింది.

"శ్రీనూ, ఆరు రోజులు ఇది ఆయన చేతిలోనే ఉంది కదా. నన్ను తిట్టారో, ఏమన్నారో, రాయకుండా ఉండరు. నీ కంప్యూటర్‌కి పెట్టి చూడు."

కంప్యూటరు లేకుండా అందులో రాయడం కుదరదని వదినకి విడమరిచి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆయనకొచ్చు," అంది.

ఇక వాదించలేదు. నిజం చెప్పాలంటే నేనొక మోసం అనుకున్నాను. ఎలాగోలా కంప్యూటరుకి కలిపి, నేనే అందులో 'కోపం లేదు' అని ఒక లైను టైపు చేసి వదినకి చూపిద్దామని. మేలు చేసే అబద్ధానికి పాపం లేదంటారు కదా.

కలపడమే ఒక పెద్ద తద్దినం. దాని కేబుల్ ఇప్పటి ఫోన్లవాటికి పట్టదు. అన్నయ్య డబ్బాలో పాతవి రెండు దొరికాయి. ఒకటి చార్జింగుకే తప్ప డేటాకి పనికిరాదని గంట పోయాక తెలిసింది. సాఫ్ట్‌వేరు సీడీలో ఉంది, నా ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు. ప్లాంటు నుంచి డ్రైవు తెచ్చి మరుసటి ఆదివారం మళ్ళీ కూచున్నాను. కొత్త కంప్యూటరు ఆ పాత డ్రైవరుని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆఖరికి నాతో పనిచేసే పటేల్ భాయ్‌కి ఫోన్ చేస్తే, కొత్త ల్యాప్‌టాప్ లోపలే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే పద్ధతి చెప్పాడు. కొత్త ఇంట్లో ముసలాయనకి ఒక గది ఇచ్చినట్టు.

మధ్యాహ్నం మూడింటికి రిమోట్ దొరికిందని తెర మీద వచ్చింది. వదిన నా వెనక కుర్చీలో కూచుంది. కళ్ళజోడు పెట్టుకోలేదు, తనకి చదవాలని లేదంది, నన్నే చదివి చెప్పమంది. రిమోట్‌లో ఉన్నదంతా చదివే బటను నొక్కాను.

ఏడు లైన్లు వచ్చాయి. టీవీ. సెట్‌టాప్. ఏసీ. ఫ్యాను. బీపీ మాత్ర. పాలు స్టవ్ మీద.

ఏడోది 'ఫోను పరుపు కింద'. ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నయ్య రాసే పద్ధతిలోనే, మాటకీ మాటకీ మధ్య చుక్క పెట్టి.

ఇప్పుడు వైరు చూసే పని చేశాను. అన్నయ్య తన సెట్టింగులన్నీ ఒక పెన్‌డ్రైవులో దాచుకున్నాడు. అందులో ఉన్నవి ఆరు లైన్లే. ఈ రిమోట్‌ని అంతకుముందు కలిపిన కంప్యూటరు లోకంలో ఒక్కటే, అన్నయ్య పాత డెస్క్‌టాప్. అది లాక్‌డౌన్‌కి ముందు ఏడాదే పాడైతే పాత సామాన్లు కొనే భంగార్ వాడికి ఇచ్చేశాడు. ఫోను పరుపు కింద పెట్టే అలవాటు అన్నయ్యకి లాక్‌డౌన్‌లో ఇంట్లో కూచున్నాకే వచ్చింది. ఆ సంగతి వదినకి కూడా తెలీదు, అన్నయ్యే ఒకసారి ఫోనులో నాతో అన్నాడు. నాకు ఆ ఆరు రోజుల్లో గుర్తు రాలేదు.

రిమోట్ కంప్యూటరుకి కలిపి లేనప్పుడు, వార్డులో మంచం మీద, మాస్కు కింద మాట రాని మనిషి దాంట్లో రాయగలడా? రాయలేడు. నేను ఇంజనీరుని, ఖాయంగా చెప్తున్నాను.

"ఏమన్నా ఉందా?" అంది వదిన.

ఫోనుతో తెర ఫోటో తీసుకున్నాను. 'కోపం లేదు' అని టైపు చేయడానికి చెయ్యి వెళ్ళింది. ఆ లైను కిందే ఎలా రాయను? అన్నయ్య తన ఫోను ఎక్కడుందో చెప్తున్నాడు, తెచ్చిమ్మంటున్నాడు. ఇది చదివితే వదిన బతకదు. చదవకపోతే ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

"పాతవే వదినా. బీపీ మాత్ర, పాలు. కొత్తగా ఏమీ లేదు," అన్నాను.

వదిన కుర్చీ వెనక్కి జరిపింది. తర్వాత, "ఆరు రోజులు చేతిలో పెట్టుకుని నాకొక్క ముక్క రాయలేదంటే, అంత కోపం వచ్చిందన్నమాట," అంది. లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

నిజం చెప్పినా గుచ్చుకునేది, అబద్ధమూ గుచ్చుకుంది. ఆపి చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

కేబుల్ పీకేశాక ఆ రిమోట్ మళ్ళీ ఏ కంప్యూటరుకీ దొరకలేదు. మూడు కేబుళ్ళు మార్చాను, ప్లాంటులో పాత ల్యాప్‌టాప్‌కి పెట్టాను. విప్పి చూశాను, లోపల ఏమీ కాలలేదు, ఏమీ తుప్పు పట్టలేదు. ఫోటో ఒక్కటే మిగిలింది. దాన్ని పెద్దది చేసి ఎన్నిసార్లు చూశానో. ఏడు లైన్లే ఉన్నాయి.

వదిన ఇప్పటికీ డిండోలిలోనే ఉంది. నేను ఆదివారాలు వెళ్తాను. రిమోట్ గురించి మళ్ళీ అడగలేదు. మధ్యాహ్నం మాత్ర వేసుకోవడం మానేసిందని పక్కింటావిడ చెప్పింది.

ఆ ఏడో లైను ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఎప్పుడు వచ్చిందో కూడా తెలీదు, ఆ సాఫ్ట్‌వేరు తేదీలు దాచుకోదు. వార్డులో మొదటి రోజే రాసి ఉంటే, మిగిలిన ఐదు రోజులూ ఎవరో ఒకరం ఫోను తెస్తామని అన్నయ్య తలుపు వైపు చూస్తూ ఉండి ఉంటాడు. నేను కొబ్బరినీళ్ళు పంపాను.