తలుపు మీద బోర్డు చదివే మనిషి

నేను అయిదేళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరు, నేను అంకుల్ అని పిలిచిన మనిషి, పోయిన నెల ఒక మంగళవారం పొద్దున చనిపోయారు. ఆంటీ ఫోన్ చేసి "మీ అంకుల్ లేరే" అని ఒక్క మాట అని పెట్టేశారు. కాఫీ కప్పు ఆయన చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి కుర్చీలోనే అయిపోయిందట. గుండె. నేనిప్పుడు నార్త్ కరోలినాలో, క్యారీలో ఉంటున్నాను. వర్జీనియాలో వాళ్ళుండే షాంటిలీకి దాదాపు అయిదు గంటల డ్రైవ్. దారి పొడుగునా ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ఆయన కోసం ఏడ్చే హక్కు నాకుందా లేదా అన్న ఆలోచనతోనే ఆ అయిదు గంటలూ గడిచాయి.

ఫ్యూనరల్ హోమ్‌లో అందరూ మైకు దగ్గరికొచ్చి మంచి మాటలు చెప్పారు. పద్ధతి గల మనిషన్నారు. రూల్ అంటే రూలే అన్నారు. అమెరికా వచ్చిన ముప్ఫై ఏళ్ళలో ఒక్క స్పీడింగ్ టికెట్ కూడా లేదని ఒకాయన చెబితే, ఆ దుఃఖంలోనే అందరూ కాస్త నవ్వారు. అన్నీ నిజాలే. నేను మైకు దగ్గరికి వెళ్ళలేదు. నేను చెప్పాల్సింది అక్కడ చెప్పేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆయన దగ్గర పిస్తోలు ఉండేది. మనవాళ్ళలో గన్ ఉన్నవాళ్ళు లేరని కాదు, ఉన్నా చెప్పుకోరు. ఆయన చెప్పారు. అద్దెకి వాళ్ళ ఇంటి కింద బేస్‌మెంట్ చూడ్డానికి వెళ్ళిన మొదటి రోజే నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, "చూడమ్మా, ఇంట్లో గన్ ఉంది. లైసెన్సూ ఉంది. బయటికెళ్తే నా నడుం మీదే ఉంటది. నీకు భయమైతే ఇప్పుడే చెప్పు, వేరే ఇల్లు నేనే చూసి పెడతా" అన్నారు. నాకు భయమే వేసింది. కానీ ఆంటీ అప్పటికే పులిహోర పెట్టేశారు, ఆఫీసు దగ్గర, వేరే ఇల్లు వెతికే ఓపిక లేదు. ఉండిపోయాను.

ఎందుకు కొన్నారో తర్వాత తెలిసింది. అంతకుముందు ఆయన ఇంకొకాయనతో కలిసి గ్యాస్ స్టేషన్ నడిపారు. దొంగతనానికి వచ్చినవాడు ఆ పార్టనర్‌ని కౌంటర్ దగ్గరే కాల్చేశాడు. అంబులెన్స్ వచ్చేదాకా అంకుల్ పేపర్ టవల్ చుట్టలు ఆయన పొట్ట మీద అదిమి పెట్టి కూర్చున్నారు. ఆయన బతకలేదు. అంకుల్ స్టేషన్ అమ్మేసి, క్లాసులకి వెళ్ళి, పిస్తోలు వెంట పెట్టుకుని తిరగడానికి పర్మిట్ తెచ్చుకున్నారు.

పర్మిట్ వచ్చాకే అసలు కష్టం మొదలైందనేవారు. బజారుకీ బ్యాంకుకీ పెట్టుకుని వెళ్ళచ్చు. పోస్టాఫీసుకి కుదరదు, లోపలికే కాదు, వాళ్ళ పార్కింగ్‌లో కార్లో ఉంచినా తప్పే. కోర్టుకి కుదరదు. కౌంటీ ఆఫీసుకీ లైబ్రరీకీ కుదరదు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు సంగతి అడగనే అక్కర్లేదు. అందుకని సర్కారు పనులన్నీ కూడబెట్టి ఒకే రోజుకి పెట్టుకునేవారు. ఆ రోజు పిస్తోలు మేడ మీద ఇనప్పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళం వేశానా అని మళ్ళీ వెళ్ళి చూసి, "ఇవాళ నాది ఖాళీ నడుం" అని ఆంటీకి చెప్పి మరీ బయల్దేరేవారు. ఆయన కారులో సీటు కింద బోల్టులేసి బిగించిన స్టీలు పెట్టె కూడా ఒకటి ఉండేది, దారిలో అనుకోని పని పడితే దాచడానికి. దాన్ని నమ్మేవారు కాదు. కారు అద్దం పగలగొట్టడం ఎంతసేపు అనేవారు.

"నాలుగు స్టాంపులు తేవాలన్నా ఈయనకి ముహూర్తం కావాలే" అని ఆంటీ ఆటపట్టించేవారు.

ఒకసారి మా అక్కకి పార్సెల్ పంపాలని ఆయనతో పోస్టాఫీసుకి బయల్దేరాను. సగం దూరం వెళ్ళాక ఆయన చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. పిస్తోలు ఉంది. ఏమీ మాట్లాడకుండా యూ టర్న్ తీసుకున్నారు. నాకు లంచ్ బ్రేక్ అయిపోతోంది.

"అంకుల్, ఎవరు చూస్తరు?" అన్నాను.

"ఎవరూ చూడరు. అందుకే కదా నేను చూసుకోవాల్సింది" అన్నారు.

ఏ తలుపు దగ్గరైనా ముందు బోర్డు చదివేవారు. పళ్ళ డాక్టర్ దగ్గర కూడా. ఆ రెండు క్షణాలు మేం వెనక నిలబడాల్సిందే. నాకు మాత్రం ఒక రూలు ప్రత్యేకంగా చెప్పారు. "నువ్వు దీన్ని ముట్టబాకు. వీసా మీద ఉన్నవాళ్ళు గన్ పట్టుకుంటే ఫెడరల్ నేరం. నేను కిందపడి గిలగిలా కొట్టుకుంటున్నా సరే, దీన్ని పక్కకి కూడా జరపబాకు. ఫోన్ చెయ్, అంతే." హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి భయాలు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మాట నాలో బాగా దిగిపోయింది.

ఇక ఆ రోజు గురించి. గ్రీన్ కార్డుకి వేలిముద్రలివ్వడానికి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో నాకు అపాయింట్‌మెంట్ వచ్చింది. నాకు డ్రైవింగ్ లైసెన్సు కొత్త, హైవే అంటే వణుకు, ఆయన తీసుకెళ్తానన్నారు. గురువారం అని చెప్పాను. బుధవారం పొద్దున లెటర్ చూస్తే, ఆ రోజే, పది గంటలకి. అప్పటికి తొమ్మిదింపావు. మెట్లెక్కి పరిగెత్తాను. ఆయన హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళడానికి బూట్లు వేసుకుని నిలబడి ఉన్నారు. ఆయన కారు ఆంటీ తీసుకెళ్ళారు. నా కారు తాళాలు ఆయన చేతిలో పెట్టాను.

నడుం మీద పిస్తోలు ఉందని దారిలో ఆయనకి గుర్తొచ్చింది. వెనక్కి తిరిగే టైం లేదు. "సరే, నిన్ను గుమ్మం దగ్గర దింపి నేను రోడ్డవతల పెట్టుకుని కార్లోనే కూర్చుంటా. నేను లోపలికి రాను" అన్నారు. అలాగే చేశారు. ఇక్కడిదాకా ఏ తప్పూ లేదు.

లోపల నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలాగా, లెటర్‌లో ఒకలాగా ఉందని కౌంటర్‌లో ఆపేశారు. సూపర్‌వైజర్ రావాలన్నారు. బయటికొచ్చి ఫోన్ చేశాను, ఏడుస్తూ. రమ్మన్నాను.

"ఎట్టా రావాలమ్మా, ఇది ఉందిగా" అన్నారు.

"సీటు కింద పెట్టి రండి అంకుల్. అయిదు నిమిషాలు. ఏమైతది?"

ఫోన్లో ట్రాఫిక్ మోత నాకు వినిపిస్తూనే ఉంది. "వస్తన్నా" అన్నారు.

ఆయన వచ్చేసరికి సమస్య తీరిపోయింది. సూపర్‌వైజర్ రెండు కాగితాలు చూసి, సరే లైన్లో కూర్చోమంది. ఆయన వెనక్కి వెళ్ళిపోబోయారు. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని "ఉండండి అంకుల్, మళ్ళీ ఏమన్న అడుగుతరేమో" అన్నాను. ఉన్నారు. నలభై నిమిషాలు. తలుపు వంక చూస్తూ.

రోడ్డు దాటి వెళ్ళేసరికి నా కారు అద్దం పగిలి ఉంది. డ్రైవర్ సీటు కింద ఏమీ లేదు.

ఆయన మొహంలో అప్పుడు చూసింది భయం కాదు. పార్టనర్ పొట్ట మీద టవళ్ళు అదుముతున్నప్పుడు కూడా ఆయన అలాగే ఉండి ఉంటారనిపించింది. కాసేపటికి నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "కారు నీ పేరు మీద ఉంది. నీ కార్లో గన్. ఇప్పుడే లోపల వేలిముద్రలిచ్చావు. నువ్వు ఇక్కడ లేవు. కారు నేను అడిగి తెచ్చుకున్నా. క్యాబ్ పిలుచుకుని ఇంటికెళ్ళిపో, పోలీసుకి నేను ఫోన్ చేస్తా."

వెళ్ళిపోయాను. వద్దని ఒక్కసారి కూడా అనలేదు.

రిపోర్టు రాసుకున్నారు. ఎవరూ ఆరా తీయలేదు. ఏడు నెలల తర్వాత ఒక డిటెక్టివ్ ఇంటికొచ్చాడు. పిస్తోలు దొరికిందన్నాడు. దొరికే ముందు దానితో డబ్బులేసి బట్టలు ఉతుక్కునే ఒక లాండ్రోమాట్‌లో కౌంటర్ దగ్గరున్న మనిషిని కాల్చేశారు. ఇద్దరు పిల్లల తండ్రి. అంకుల్ ఆ మనిషి పేరు రెండుసార్లు అడిగి పలకడం నేర్చుకున్నారు. డిటెక్టివ్ వెళ్ళాక బాత్రూమ్‌లో కుళాయి చాలాసేపు తిప్పి ఉంచారు.

తర్వాత కోర్టు నుంచి సాక్షిగా రమ్మని కాగితం వచ్చింది. ఆ రోజు నేను సెలవు పెట్టి, నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. కోర్టు ఎదురుగా ఉన్న పార్కింగ్ డెక్ పై అంతస్తులో ఒక మూల పెట్టించారు. "ఇక్కడే ఉండు, లోపలికి రాబాకు" అన్నారు. మూడు గంటలు అక్కడే ఉన్నాను. ఆయన తిరిగొచ్చి సీటు బెల్టు పెట్టుకునేదాకా ఆగి అడిగాను.

"ఏమడిగిండ్రు అంకుల్?"

"ఎక్కడ పెట్టావు, ఎంతసేపు వదిలేశావు అని."

"ఇంకా?"

"నీతో ఎవరున్నారని."

నేను స్టీరింగ్ వదల్లేదు.

"ఎవరూ లేరన్నా. చెయ్యెత్తి ప్రమాణం చేసి మరీ అన్నా. ఆ చనిపోయినాయన భార్య ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తా ఉంది." గడియారం చూసి, "పోనియ్ అమ్మా, పార్కింగ్ టైం అయిపోద్ది" అన్నారు.

కాల్చినవాడికి శిక్ష పడింది. అంకుల్ పర్మిట్ వెనక్కిచ్చేశారు. ఇంకో పిస్తోలు కొనలేదు. ఇప్పుడు అన్నీ ఖాళీ నడుం రోజులే కాబట్టి ఏ తలుపైనా తీసి వెళ్ళిపోవచ్చు. కానీ ఎక్కడికీ వెళ్ళేవారు కాదు. పోస్టాఫీసుకి ఆంటీ వెళ్ళేవారు. నాతో ఎప్పటిలాగే ప్రేమగా ఉండేవారు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

నా గ్రీన్ కార్డు వచ్చాక, ధైర్యం చేసి ఒక లాయర్‌కి జరిగిందంతా చెప్పాను. ఆమె అంతా విని, "ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే మీకు దాదాపు ఏమీ అయ్యేది కాదు. గన్ ఆయనది, లైసెన్సు ఆయనది, మీరు ముట్టుకోలేదు. ఎందుకంత భయపడ్డారు?" అంది. ఎందుకో ఆమెకి ఎలా చెప్పను? ఆఫీసులో ప్రింటర్ పాడైనా వీసా పోతుందేమోనని బెదిరిపోయే బతుకులు మావి. ఆ భయంలో మేమిద్దరం ఒక్క నిమిషం కూడా ఆగి ఎవరినీ అడగలేదు.

ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే, ఆయన ప్రమాణం తప్పింది ఉత్తపుణ్యానికే అని తేలిపోతుంది. ఆయన్ని బాధపెట్టడం ఇష్టం లేక అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆయన మొహం చూడలేక. ఇప్పుడిక చెప్పడానికి ఆయన లేరు.

కర్మకాండ అయ్యాక విల్లు కాగితాలు ఇవ్వడానికి ఆంటీని నేనే, ఆయన సాక్ష్యం చెప్పిన ఆ కోర్టుకే తీసుకెళ్ళాను. దారిలో ఉండబట్టలేక అంతా చెప్పేశాను, ఫోన్ చేయడం, చొక్కా పట్టుకుని ఆపడం, లాయర్ మాట, అన్నీ. ఆంటీ అద్దంలోంచి బయటికి చూస్తూ విన్నారు.

"అబద్ధం ఆడాడని నాకు తెలుసులేవే. ఆ రోజు నుంచి దేవుడి గదిలోకి వెళ్ళలేదు ఆయన. దీపం పెట్టమంటే నువ్వే పెట్టు అనేవాడు. ఎందుకో నువ్వెప్పుడన్నా అడిగావా?"

"లేదు ఆంటీ."

"నేనడిగాను. చెప్పలేదు." పర్వాలేదని ఆంటీ అనలేదు. అనకపోవడమే న్యాయం.

కోర్టు గుమ్మం దగ్గర గార్డు ఆయుధాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను. బ్యాగులు ట్రేలో పెట్టి లోపలికి వెళ్ళాం. ఆంటీని క్లర్క్ లోపలికి పిలిచాక నేను లిఫ్టెక్కి నాలుగో అంతస్తుకి వెళ్ళాను. ఆయనకొచ్చిన కాగితంలో ఉన్న గది నంబరు నాకింకా గుర్తుంది. ఆ గది తలుపు పక్కన సాక్షులు కూర్చోవడానికి ఒక్కటే బెంచీ ఉంది. వెళ్ళి కూర్చున్నాను.

ఎదురుగా పెద్ద కిటికీ. కిటికీ నిండా పార్కింగ్ డెక్. నేను కారు పెట్టిన మూల సరిగ్గా కళ్ళకి ఎదురుగా ఉంది. ఇవాళ అక్కడ ఎవరిదో తెల్ల కారుంది. లోపల ఒకామె ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉంది. ఆమె చేతి గాజులు కూడా నాకు కనిపిస్తున్నాయి. ఆ రోజు మూడు గంటలు నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చున్నాను. లోపల తన పేరు పిలిచేదాకా ఆయన ఇక్కడ కూర్చుని నన్నే చూస్తూ ఉండి ఉంటారు.