గిర్నీ పైన ఇల్లు

నాకు తెలిసిన బైబిలు వాక్యంలో సగం గుడిలో నేర్చుకున్నాను. మిగతా సగం నాచారం రోడ్డు మీద నేర్చుకున్నాను. ఎక్కువకాలం గుర్తుండేది ఆ రెండో సగమే. ప్రసంగం వినేటప్పుడు మనిషి ఒద్దికగా, తయారై కూర్చుంటాడు. తయారై ఉన్నవాడికి మాట తగలదు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కి, ఒళ్లో సంచి పెట్టుకుని, దేని గురించీ ఆలోచించకుండా ఉన్నప్పుడు వచ్చే మాట సూటిగా లోపలికి పోతుంది.

ముగ్గురి సీటులో నలుగురు కూర్చోవడం ఆ ఆటోల ఆనవాయితీ. డ్రైవరు వెనక్కి తిరిగి చూడకుండానే "జర జరుగున్రి" అంటాడు. అందరూ జరుగుతారు. నేను జరిగేవాణ్ణి కాదు. జరిగి కూర్చోవడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఒకరోజు పచ్చిమిరపకాయల సంచితో ఒకావిడ ఎక్కి, సీటు అంచున సగమే ఆని, నావైపు చూసింది.

"సార్, ఫోటో గిట్ల దిగుతున్నరా? జర అటు జరిగితే నేను సుత కూసుంట."

ఆటోలో అందరూ నవ్వారు. నేను రెండంగుళాలు జరిగాను. యేసు తల్లికి సత్రంలో స్థలం లేకపోయిందని చదువుతాం కదా, అక్కడున్నవాళ్లు దుర్మార్గులని మాత్రం ఎక్కడా రాసి లేదు. బహుశా వాళ్లందరూ నాలాగే నిటారుగా కూర్చుని ఉంటారని ఆరోజు తోచింది.

తర్వాతి ఆదివారం ఆవిడ మా సంఘంలోనే, స్త్రీల వైపు నాలుగో వరుసలో కనిపించింది. నాచారం మెయిన్ రోడ్డు మీద సాయంత్రాలు మిర్చి బజ్జీల బండి పెడుతుందట. నన్ను చూసి, చోటు చూపిస్తున్నట్టు పక్కకు జరిగింది. నేను గమనించనట్టు ఉండిపోయాను.

మాది కృష్ణా జిల్లా. మా తాతగారు ఊళ్లో గుడికి స్థలం ఇచ్చి, కట్టించి, ముందు వరుసలో పొడవాటి టేకు బల్ల ఒకటి చేయించి వేశారు. ఆ బల్ల మీద మా కుటుంబం తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరం రాలేదు. మా నాన్నగారి కాలంలో అన్నదమ్ముల వ్యాజ్యాల్లో పొలాలు పోయాయి, పెద్దిల్లు పోయింది. పాత గుడి తీసేసి కొత్తది కట్టినప్పుడు అక్కడి పెద్దలు బల్లను మాకు పంపించేశారు. నాకు సంక్రమించింది అదొక్కటే. అందుకు నేనెప్పుడూ కన్నీళ్లు పెట్టుకోలేదు. ఆస్తి పోయినా నడక మారకూడదని మా నాన్నగారు చెప్పేవారు. నా నడక మారలేదు.

ఉండేది మాత్రం గిర్నీ పైన. పిండిమరను ఇక్కడివాళ్లు గిర్నీ అంటారు. కింద గోధుమలు, జొన్నలు ఆడుతుంటాయి. రెండో అంతస్తులో మా రెండు గదులు. మెట్ల మీద ఎప్పుడూ పలచగా పిండి పరుచుకుని ఉంటుంది. పైకి వచ్చినవాళ్లు గుమ్మంలో తెల్లటి అడుగులు వదిలి వెళ్తారు, నేను వెంటనే తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. ఆ బల్ల మెట్ల మలుపు తిరగలేదు. నలుగురు కూలీలు తాళ్లు కట్టి బాల్కనీలోంచి లోపలికి లాగారు. ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ వరకు సరిపోయింది. ఒక కొసన నేను కూర్చునేవాణ్ణి, మిగతా అంతా నా పుస్తకాలు. మా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుంది.

మా సంఘం కూడేది రేకుల షెడ్డులో. గురువారం ఉదయం పదకొండింటికి స్త్రీల కూడిక వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరుగుతుంది. ఈ వారం ఎవరింట్లోనో గుమ్మం పక్కన నల్లబోర్డు మీద రాయాలి. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేశాను, నా దస్తూరి బాగుంటుంది, అందుకని ఆ పని నాకే అప్పగించారు. బోర్డు మీద పేర్లు రాయం, ఇంటి గుర్తులు రాస్తాం. 'వాటర్ ట్యాంకు సందు, ఆకుపచ్చ గేటు.' 'మల్లాపూర్ దారి, టైలరు షాపు వెనక.' వంతు మా ఇంటిదాకా వచ్చిన ప్రతిసారీ నా చేయి ఆ తర్వాతి ఇంటిని రాసేది. రాసేది నేనే కనుక ఎవరూ పట్టుకోలేకపోయారు.

పాస్టర్ గారు ఒకసారి మెల్లగా అడిగారు. "నారపల్లిలో స్థలం ఉందండి. సొంతిల్లు కట్టి, ప్రతిష్ఠ ప్రార్థనకు అందరినీ పిలుస్తాను" అన్నాను. అది అబద్ధం కాదు. స్థలం ఉంది. నాలుగు హద్దురాళ్లు ఉన్నాయి. వాటి మధ్య గడ్డి ఉంది. మా తాతగారి హాలులో వందమంది చాపల మీద కూర్చుని పాడేవారు, ఆయన మనవడు గిర్నీ పైన, పక్కకు తిరిగితే తప్ప నడవలేని గదిలో కూడిక పెట్టకూడదు. ఇది నా నియమం. పదకొండేళ్లు తప్పలేదు.

ఆ పదకొండేళ్లూ మా ఆవిడ అందరి ఇళ్లకూ వెళ్లింది. అందరి ఇళ్లలోనూ టీ తాగింది. మా ఇంటికి రండి అని ఒక్కసారి కూడా అనలేకపోయింది. నాతో ఆ మాట ఎత్తలేదు, నేనూ ఆలోచించలేదు.

కిందటేడు ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. ఉప్పల్‌లో ఆసుపత్రి నుంచి తీసుకువస్తే, గిర్నీలో పనిచేసే ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. మూడు నెలలు మెట్లు దిగకూడదని డాక్టరు చెప్పాడు. మొదటి గురువారం పదకొండింటికి ఆమె పాటల పుస్తకం తీసి, మంచం మీద ఒళ్లో పెట్టుకుని, తెరవకుండా కూర్చుంది. రెండో గురువారం కూడా అలాగే చేసింది. మూడో గురువారం పుస్తకం తీయలేదు, గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏవండీ, వాళ్లను ఇక్కడికి రమ్మంటే?" అని ఆ సాయంత్రం అడిగింది.

"నారపల్లిలో ఇల్లు లేవగానే..."

"ఇల్లు లేచేలోగా నేను లేచి వెళ్లిపోతాను లెండి." గట్టిగా అనలేదు. గోడతో అన్నట్టు అంది.

తర్వాత రెండు రోజులు సరిగా తినలేదు. పలకరిస్తే జవాబు చెప్పేది, అంతే. ఆ మాట ఏ ఊరికి వెళ్లడం గురించో నాకు తెలుసు. మోకాలు బాగుపడుతోందని డాక్టరు సంతోషించాడు, మనిషి మాత్రం వారం వారం తగ్గిపోతోంది. అది నా కంటికి కనిపించింది. అయినా ఆదివారం బోర్డు మీద ఆకుపచ్చ గేటు ఇల్లే రాశాను.

రాస్తుండగా బజ్జీల ఆవిడ వచ్చి వెనక నిలబడింది.

"సార్, అక్క ఎట్లుంది?"

"విశ్రాంతి తీసుకుంటోంది."

"మేం వచ్చి సూస్తం."

"ఎందుకమ్మా శ్రమ. మా ఇల్లు కాస్త లోపలికి, మీకు దొరకదు."

ఆవిడ నా ముఖంలోకి ఒకసారి, బోర్డు మీదికి ఒకసారి చూసి వెళ్లింది. నేను నెగ్గాననే అనుకున్నాను.

గురువారం పదకొండు గంటలకు మెట్ల మీద చాలా కాళ్ల చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే తొమ్మిదిమంది స్త్రీలు. ముందు బజ్జీల ఆవిడ, చేతిలో కంజీర, చంకలో చుట్టిన చాప. అందరి పాదాలూ పిండితో తెల్లగా ఉన్నాయి.

"వందనాలు సార్. ఇల్లు దొరికింది."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మా తాతగారు ఎవరినైనా వెనక్కి పంపవలసి వస్తే ఎంత మర్యాదగా పంపేవారో అంత మర్యాదగా అన్నాను: "వందనాలు. ఆమె నిద్రపోతోంది. ఇంకోసారి..."

లోపలి నుంచి పాట వినిపించింది. మా ఊరి గుడిలో పాడే పాత కీర్తన. మా ఆవిడ మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. నెల రోజులుగా సరిగా మాట్లాడని మనిషి, గొంతు పగిలేటట్టు పాడుతోంది.

"అయ్యో సార్," అంది బజ్జీల ఆవిడ, "అక్క నిద్రల మస్తు పాడుతది గద!"

మెట్ల మీద నవ్వులు. ఆ నవ్వుల్లోంచే ఒక్కొక్కరూ పాట అందుకున్నారు. పక్కకు తప్పుకోవడం తప్ప నాకు దారి లేకపోయింది. ప్రభువు తట్టేది తలుపు అవతలి నుంచి అనే ఎప్పుడూ బోధించాను. లోపలి నుంచి కూడా తట్టగలడని నేను ఎక్కడా చదవలేదు.

తొమ్మిదిమందీ పక్కకు తిరిగి లోపలికి వచ్చారు. చాప పరవడానికి చోటు లేదు. బజ్జీల ఆవిడ బల్లను చూసింది, పుస్తకాల వరుసను చూసింది.

"వీటికి సుత కాళ్లు నొస్తయా సార్? గింత మంచిగ కూసున్నయి."

నేను జవాబు చెప్పేలోపే పుస్తకాలు మంచం కిందికి చేరాయి. మా తాతగారు, నాయనమ్మ, మా నాన్న, మా అత్తలు ఇద్దరు, అయిదుగురికని చేయించిన బల్ల మీద ఏడుగురు పట్టారు. ఇద్దరు మా ఆవిడ మంచం మీద కూర్చున్నారు. బజ్జీల ఆవిడ కూర్చున్నది మా తాతగారి కొసన. నేను వంటగది గుమ్మంలో నిలబడ్డాను. కింద గిర్నీ మొదలైంది, నేల సన్నగా వణికింది. వాళ్లు గొంతు పెంచి దానిమీదుగా పాడారు.

పాటలయ్యాక ఇంటి యజమాని ఒక మాట చెప్పాలి, అది పద్ధతి. నేను చెప్పాను. ఇరుకుగా ఉన్నందుకు మన్నించమన్నాను. దావీదు రాజు తాను దేవదారు ఇంట్లో ఉంటూ దేవుని సన్నిధికి గుర్తైన మందసం పెట్టె డేరాలో ఉన్నందుకు బాధపడ్డాడని, దేవునికి తగిన ఇల్లు కట్టాలనుకున్నాడని, నారపల్లి విషయంలో నా ఆలోచన కూడా అలాంటిదేనని చెప్పాను. బాగా చెప్పానని కూడా అనుకున్నాను. ఆ పాఠం ఆదివారం బడి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను.

"మరి దేవుడేమన్నడు సార్?" అంది బజ్జీల ఆవిడ. ఆవిడకు చదువు రాదు. బండి దగ్గర పిండి కలుపుతూ ఫోనులో వాక్యం వింటుంది.

"అంటే?"

"దావీదు గట్లనుకున్నడు, సరే. దేవుడేమన్నడు? నేను విన్న గని, మీరు జెప్పున్రి. మీరు సారు గద."

తరగతిలో ప్రశ్న అడిగితే తప్పించుకోవడం నాకు చేతకాదు. చెప్పాను. దేవుడు అన్నది ఇదీ: ఇన్నాళ్లూ మీతోపాటు డేరాలోనే తిరిగాను, నాకు దేవదారు ఇల్లు ఎందుకు కట్టలేదని ఎప్పుడైనా ఎవరినైనా అడిగానా? చెబుతుంటే నా మాట నాకే వినిపించింది. కింద గిర్నీ అప్పుడే ఆగింది.

"గంతే గద," అంది ఆవిడ.

మా ఆవిడ ముఖం దించుకుంది. నవ్వు దాచుకుంటోందని భుజాలు చూస్తే తెలిసింది.

వెళ్లేటప్పుడు అడిగాను, ఇల్లు ఎలా తెలిసిందని.

"తెల్వకేం సార్? మేం మిమ్మల్ని గిర్ని సారనే అంటం. పదేండ్ల సంది."

పదకొండేళ్లు నేను దాచిన ఇల్లే నా పేరైపోయిందన్నమాట. ఆ క్షణంలో చురుక్కుమంది, ఒప్పుకుంటాను. తర్వాత తడిగుడ్డ తెచ్చి గుమ్మం దగ్గర వంగాను. తొమ్మిదిమంది అడుగులు, వస్తూ పోతూ ఒకదానిమీద ఒకటి.

"ఇవాళ తుడవకండి," అంది మా ఆవిడ.

గుడ్డ దండెం మీద వేశాను. పుస్తకాలు మాత్రం సాయంత్రానికి మళ్లీ బల్ల మీద పేర్చాను. మనిషి ఒక్కరోజులో మారతాడని నేను నమ్మను. యేసును చూడటానికి చెట్టెక్కిన జక్కయ్య దిగీ దిగగానే మారాడంటారు, అతను నాకంటే పొట్టివాడు, దిగవలసిన దూరం తక్కువ.

ఆదివారం సుద్దముక్క తీసుకుని బోర్డు ముందు నిలబడ్డాను. వెనక ఎవరూ లేరు. ఎవరి బలవంతమూ లేకుండా, ఎప్పటిలాగే గుండ్రంగా, స్పష్టంగా రాశాను: 'గురువారం, గిర్నీ పైన, రెండో అంతస్తు. డాక్టరు మెట్లు దిగమనేదాకా ప్రతి వారం.' రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. దస్తూరి బాగుంది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను.

"గిర్నీ అనే రాశారా?"

"గిర్నీ అనే రాశాను."

ఆమె బల్లవైపు చూసింది. "అయితే ఆ పుస్తకాలు తీయండి. వాళ్లు వచ్చినప్పుడల్లా మోస్తారా?"

పుస్తకాలు అటక మీదికి ఎక్కించాను. కాలు చాపి ఉంచుకోమని డాక్టరు చెప్పాడు, ఈ ఇంట్లో ఆ బల్లకంటే పొడవైనది లేదు. ఆమె నా భుజం పట్టుకుని నాలుగడుగులు నడిచి, పెళ్లైన ఇన్నేళ్లకు మొదటిసారి దానిమీద కూర్చుంది. కాలు నిటారుగా చాపింది. మడమ మా తాతగారి కొసదాకా వచ్చింది. ఎప్పటిలా అక్కడే కూర్చోబోయి ఆగాను.

"కొంచెం ఇటు జరగండి," అంది, తన పక్కన చోటు చూపిస్తూ.

జరిగాను.