ఉయిలూ ఉయిరూ

పొద్దున మనవరాలు కొత్త స్టాంపు ప్యాడు తెరవగానే ఆ ఊదా సిరా వాసనకు రుక్మిణమ్మగారు గుర్తుకొచ్చారు. ఆమె వేలూరులో వకీలు. ఆమె దగ్గర పదిహేడేళ్లు టైపిస్టుగా పనిచేశాను. ఒక్క కామా తప్పినా కాగితం వెనక్కిచ్చే మనిషి.

తొంభై ఆరులో, గుడియాత్తంలో ఉన్న మా అమ్మ ఆరోగ్యం తగ్గుతుంటే కాగితాలు నేనే సిద్ధం చేశాను. ఇల్లు అన్నయ్యకూ నాకూ చెరిసగం రాసే వీలునామా ఒకటి. అమ్మకు మాట పడిపోతే వైద్యం సంగతి మేమే నిర్ణయిస్తామనే కాగితం ఇంకొకటి. హద్దులు, కొలతలు, తేదీలు మూడుసార్లు సరిచూశాను. సాక్షిగా రుక్మిణమ్మగారు నాతో బస్సెక్కి వచ్చారు.

మా వైపు వీలునామాను అరవంలో మాదిరే ఉయిలు అంటాం. అమ్మకు చెముడు. ఉయిలు రాయాలని నేను గట్టిగా చెబితే, ఆమెకు ఉయిరు అని, అంటే ప్రాణమని వినబడింది.

"నా ఉయిరు నీకు రాసియ్యల్నా? ఈ న్యాయం యాడన్నా ఉండాదా? కడుపున పుట్టి ఎముడి పని చేస్తాండావే" అంది.

నాకు నవ్వు ఆగలేదు. రుక్మిణమ్మగారు నవ్వలేదు. వెళ్లి చాపమీద అమ్మ చెవికి దగ్గరగా కూర్చున్నారు.

"సరేమ్మా, ఇల్లు తర్వాత చూస్తాము. ఉయిరు గురించే చెప్పండి. మాట పడిపోతే మీకేం చెయ్యాల?"

అమ్మ ఆమెవైపు తిరిగింది.

"ఆస్పత్రికి తీసకపోండి, వద్దనను. బాగయ్యేది లేదంటే గొంతులో గొట్టాలు పెట్టొద్దు. ఇంటికి తెచ్చేయండి. పెద్దోడు ఏడ్చి ఒప్పుకోడు. నేనే చెప్పినానని వాడికి చెప్పండి."

నేను టైపు చేసిన రెండో కాగితంలో ఈ మాటల్లో ఒక్కటీ లేదు. రుక్మిణమ్మగారు దాన్ని పక్కన పెట్టించి, అమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయమన్నారు. అన్నయ్యకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అందుకని తెలుగు మాటల్నే అరవ అక్షరాల్లో రాశాను. తిరుగు బస్సులో ఆమె, "కోర్టులో ఇది నిలవదు. మీ ఇంట్లో నిలిస్తే చాలు" అన్నారు. వీలునామా మీద అమ్మ ఆ తరువాతి వారం, ఉయిలంటే ఏమిటో రెండుసార్లు అడిగి, సంతకం చేసింది.

రెండేళ్లకు అమ్మకు మాట పడిపోయింది. ఇక బాగయ్యే దారి లేదని, గొట్టం వేస్తే కొన్నాళ్లు ప్రాణం నిలుస్తుందని డాక్టరు చెప్పాడు. అన్నయ్య వేయమన్నాడు. నేను వాదించకుండా కాగితం చేతికిచ్చాను. ఆస్పత్రి వరండాలో నిలబడి పైకే చదివాడు. "పెద్దోడు ఏడ్చి ఒప్పుకోడు" అన్నది రెండుసార్లు చదివాడు.

"అమ్మే మాట్లాడతా ఉండాది" అని, కారు కుదర్చడానికి పోయాడు. అమ్మ తన మంచం మీదే, మా ఇద్దరి మధ్య కన్నుమూసింది.

రుక్మిణమ్మగారూ పోయారు. ఇప్పటికీ తల్లిదండ్రుల కాగితాలు రాసిపెట్టమని ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లేమన్నారని ముందు అడుగుతాను. ఇంకా అడగలేదంటే కలం తీయను. పోయి పక్కన కూర్చుని అడిగి రమ్మంటాను.